పుర్రచేతి గ్లౌజు

సూట్‌కేసు కోసం అస్కర్ క్యాంపు నుంచి ఇంత దూరం రావడానికి తీరిక దొరికింది గానీ తమ్ముడూ, మీ అక్క మెర్సీకి పెళ్లి చేసేశామని నాకొక్క ఫోను చెయ్యడానికి దొరకలేదా నీకు? అమ్మకి ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టి ఎళ్లిన మనిషి. ఇవాళొస్తుంది, రేపొస్తుందని నేనిక్కడ దాని మంచం ఎవరికీ ఇవ్వకుండా కాపలా కాస్తున్నాను. దాని నంబరుకి చేస్తే ఎవరిదో మగ గొంతు. రాంగ్ నంబరంటాడు, పెట్టేస్తాడు.

కూర్చో సైమన్. నిన్నేమీ అనను. అనడానికి నేనెవర్ని? మీ అక్కతో గది పంచుకున్నదాన్ని, అంతే కదా. టీ తాగు, చల్లారిపోతోంది.

సూట్‌కేసు సర్దే ఉంచాను. చీరలు, బైబిలు, మీ అమ్మకని కొన్న దుప్పటి, అన్నీ అందులోనే ఉన్నాయి. పట్టుకెళ్లు.

ఏంటి? ఇవన్నీ ఎవరికైనా ఇచ్చెయ్యమందా? మరి నిన్ను దేనికి పంపినట్టు?

గ్లౌజు కోసమా.

అదొక్కటే తెమ్మందా? నువ్వొక్కడివే ఉన్నప్పుడు చెప్పిందా, అందరి ముందూనా? నాకేమైనా చెప్పమందా? ఏమీ లేదా. సర్లే.

ఇవ్వను తమ్ముడూ. కోప్పడకు. అది దానిదీ కాదు, నాదీ కాదు, ఇద్దరిదీను. ఇచ్చేస్తే నాకిక్కడ మిగిలేదేంటి? నీకు తెలియాలంటే ఆ ఆట సంగతంతా చెప్పాలి.

మేము రాకముందు నుంచీ ఉంది ఈ శుక్రవారం ఆట. లోర్నా అని ఫిలిప్పినో ఆవిడ, సెలూన్లో పని. సాఫ్ట్‌బాల్ అంటారు, చిన్నప్పుడు బళ్లో ఆడేదంట. బంతి పెద్ద బత్తాయంత ఉంటుంది. కర్రతో కొట్టి నాలుగు మూలలూ చుట్టి రావాలి. మామీర్ అవతల ఖాళీ స్థలంలో నాలుగు సిమెంటు సంచులు పరిచి మొదలెట్టిందావిడ. ఎవరొచ్చారంటావు? సెలూన్ల వాళ్లు, ఆస్పత్రులు తుడిచేవాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు. వారానికి ఒక్క పూట సెలవు దొరికిన ఆడది ఈ అరబ్బు దేశం ఎండల్లో ఎక్కడికి పోతుంది చెప్పు? చూస్తుండగానే నాలుగు జట్లయ్యాయి. స్టీలు చెంబుకి బంగారు రంగేసి, గెలిచినవాళ్లకి కప్పు అని కూడా పెట్టారు.

నువ్వేం అడగబోతున్నావో తెలుసు. మీ క్యాంపులో అనుకుంటారుగా, ఆళ్లు ఆటకెళ్లరు, ఒకళ్ల కోసం ఒకళ్లు ఎళ్తారని.

అబద్ధమెందుకాడాలి? అందరూ కాదు. మొగుళ్లూ పిల్లలూ ఉన్నవాళ్లు, ఒట్టి ఆటకోసమే వచ్చేవాళ్లూ ఉన్నారు. కానీ లోర్నాకి ఒక నర్సమ్మ ఉండేది. ఇద్దరూ ఒకే డబ్బాలో అన్నం తినేవాళ్లు. అలాంటి జంటలు ఇంకా ఉండేవి. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఆ నాలుగు సంచుల మధ్య పెళ్లెప్పుడని ఎవరూ ఎవర్నీ అడగరు తమ్ముడూ. అడగని చోటు మనూళ్లో నేనెక్కడా చూళ్లేదు. పెళ్లిలో, చావులో, ఆఖరికి బియ్యం మిల్లు దగ్గర కూడా అడుగుతారు.

గ్లౌజు సంగతికొస్తున్నా, ఉండు.

మీ అక్కదీ నాదీ పుర్రచెయ్యి. చిన్నప్పుడు దాన్ని మీ అమ్మ అట్లకాడతో కొట్టేదంట, గుర్తుందా నీకు? పుర్రచేతి వాళ్లు బంతి ఎడమచేత్తో విసురుతారు కదా, పట్టుకునే గ్లౌజు కుడిచేతికి కావాలి. అక్కడున్నవన్నీ ఎడమచేతివే. అమెరికా నేవీ వాళ్లెవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్ముకున్న సామాన్లో ఒక్కటి దొరికింది, పాతది. ఉన్నది ఒక్కటి, మేం ఇద్దరం. ఇంక ఒకే జట్టులో ఆడే వీలేది? మా వాళ్లు కొడుతుంటే ఆళ్లు బంతి పట్టాలి, అప్పుడు గ్లౌజు దానికి. వంతు మారగానే నాకు. ఇన్నేళ్లూ అది అటు, నేను ఇటు.

ప్రేమయ్య పాస్టరుగారు కూడా అన్నారు, మీ ఇద్దరికీ ఆటలో కూడా పడదంట కదమ్మా అని. అవునండీ అన్నాం. ఫెలోషిప్పులో చెరో వరుసలో కూర్చునేవాళ్లం కదా, నిజమే అనుకున్నారు. మేం కలిసిపోవాలని పాపం ప్రార్థన చేశారు. మేం తల వంచుకుని నవ్వాపుకోలేక చచ్చాం.

తర్వాత కరోనా వచ్చింది. సగం మందిని కఫీళ్లు, అదే వీసా ఇచ్చిన అరబ్బు యజమానులు, ఇంటికి పంపించేశారు. నర్సమ్మకి కెనడాలో ఉద్యోగమొచ్చింది. లోర్నా కొన్నాళ్లు ఒక్కతే డబ్బా తెచ్చుకుని, సగం తిని మూత పెట్టేసేది. ఆవిడా ఎళ్లిపోయింది. మామీర్ స్థలానికి కంచేసి గోడౌన్ కట్టారు. ఇప్పుడు సిత్రాలో లారీలు ఆపే చోట ఆడుతున్నాం, లారీ వస్తే సంచులు తీసి పక్కకి జరుగుతాం. నాలుగు జట్లు రెండయ్యాయి. రేపటి ఆటకి రెండోదానికి మనుషులు చాలుతారో లేదో.

ఏం చేస్తాం. ఎవరితో చెప్పుకుంటాం? ఎవరి వీసా ఎప్పుడు ఖలాసో, ఎవర్ని ఇంట్లో వాళ్లు ఎప్పుడు పిలిపిస్తారో. ఎళ్లినవాళ్ల గురించి అడగడానికి కూడా మాకు వరస ఉండాలి కదా.

మీ అక్క నాకేమవుతుందంటావా? నువ్వే అడిగావు, విను. దానికి మాట ఏదో ఉండే ఉంటుంది. నాకెవరూ నేర్పలేదు. పెళ్లిలో ఏడ్చిందా అది? అందరూ ఏడుస్తారంటావు. అవున్లే.

ఆయన తాగుతాడా? తాగడా. మంచిదేలే.

తల దించుకోకు సైమన్. నువ్వు మాత్రం ఏం చేస్తావు? చెప్పేశాక ఇంకొక్కటి దాచడం ఎందుకు. లోర్నా ఎళ్లిపోయే ముందు ఇంకో పుర్రచేతి గ్లౌజు తెచ్చింది, కొత్తది. ఇంక ఇద్దరూ ఒకే జట్టులో ఆడండర్రా అంది. నేను ఏసుకుని చూసి, వేళ్లు పట్టట్లేదక్కా అన్నాను. మీ అక్క ఏసుకుంది. నాకూ పట్టట్లేదంది. లోర్నా మా ఇద్దరి మొహాలూ చూసి, నవ్వి, పట్టుకుపోయింది.

ఇద్దరికీ చక్కగా పట్టింది తమ్ముడూ.

వంతు మారినప్పుడల్లా అది గ్లౌజు తీసి నా చేతికి తొడిగేది. లోపల దాని చేతి వేడి అలాగే ఉండేది. గదిలో అయితే గడియ పెట్టుకోవాలి. చర్చిలో అయితే చెరో వరుస. పట్టపగలు, అందరూ చూస్తుండగా, అది నా చెయ్యి పట్టుకునేది అక్కడొక్క చోటే. రెండోది తీసుకుంటే అదీ పోయేది.

ఇప్పుడు దానికీ అదే కావాలేమో. లేకపోతే ఆ ఇంట్లో గ్లౌజెందుకు, దాంతో బంతాడేదెవరు? అత్తగారు ఇదేంటని అడిగితే ఏం చెప్తుందో, పిచ్చిది.

ఉండు, మంచం కింద ఉంది. ఒక్క నిమిషం ఏసుకుని ఇస్తాను.

నువ్వు మళ్లీ ఇంటికెళ్లేది వచ్చే నెల కదూ. అప్పటిదాకా ఏం వేడి ఉంటుందిలే, నా పిచ్చి గానీ. రేపు నేను ఒట్టి చేత్తోనే పట్టుకుంటాను. ఈ ఆట పుట్టిన మొదట్లో అందరూ అలాగే పట్టేవాళ్లంట.

ఇదిగో, తీసుకో. యల్లా, బయల్దేరు, నీ బస్సెళ్లిపోతుంది. ఒక్కటే మాట సైమన్. దారిలో నువ్వు మాత్రం ఇందులో చెయ్యి పెట్టకు.