మెతుకులతోటి అతికిచ్చిన స్టాంపులు

(వనపర్తి. రిటైరైన పోస్టుమాస్టరు అబ్రహాం ఇంటి వసారా. గోపాల్‌పేట నుంచి అన్నాచెల్లెండ్లు శ్రీశైలం, జమ్ములమ్మ స్టాంపుల నోటుబుక్కు పట్టుకొని వచ్చిండ్రు.)

“ఏలు నాకి పేజీ తిప్పకు శ్రీశైలం, నీకు దండం పెడ్త.”

“అతుక్కున్నయ్ సార్. ఎట్ల తిప్పాలె మరి?”

“ఇటియ్యి. నా కాడ స్టాంపులు పట్టే చిమటా ఉంది... అయ్యో. దేంతోటి అతికిచ్చిండ్రయ్యా ఇవి?”

“మెతుకులతోటి సార్. నేనే మెదిపిస్తుంటి. నాయిన డ్యాం పనికాడికెళ్లి రాంగనే—”

“నువ్వు జర ఊకో జమ్ములమ్మ. సార్, గివన్నీ ఫారిన్‌వి. డ్యాం కాడ విదేశీ ఇంజనీరు ఉండెనంట. ఆయన కవర్లు చించి పడేస్తుంటే మా నాయిన ఏరుకొచ్చిండు. నలబై ఏండ్ల కిందటి సొత్తు.”

“ఏరుకొచ్చిండు, మంచిదే. కానీ కత్తెరతోటి కోసిండు. ఇగో, అంచుకు రంపం పండ్లు లెవ్వు. పండ్లు పోతే స్టాంపు సచ్చినట్లే.”

“అన్నిటికీ పోలే గదా! ఇది సూడుండ్రి, పండ్లన్నీ ఉన్నయ్.”

“ఉన్నయ్. మొకం మీద ఇంకుపెన్నుతోటి ఏడు అని రాసిండు.”

“ఏడో స్టాంపని గుర్తు సార్ అది.”

“గుర్తే. మొకం ఖరాబ్.”

“సరే, ఇది? హెల్వెటియా అని ఉంది. పిల్లల అట్లాసంత ఎతికిన, గా దేశమే లేదు. లేని దేశపు స్టాంపంటే ఎంతుంటది, మీరే చెప్పుండ్రి!”

“స్విట్జర్లాండయ్యా. ఆళ్ల స్టాంపుల మీద గట్లనే ఉంటది. మా మనుమరాలి స్టాంపుల డబ్బాల ఇసుంటియి ఇరువై ఉన్నయ్.”

“మీరు సరిగ్గ సూస్తలేరు సార్.”

“భూతద్దం పెట్టి సూస్తున్ననయ్యా!”

“సూసుడు గాదు, విలువ గట్టుండ్రి. రేపు ఎమ్మార్వో ఆఫీసుల సంతకాలున్నయ్. నాయిన ఇడిచిపోయింది రెండే. కాల్వ పక్క ఇరువై గుంటలు, ఈ నోటుబుక్కు. భూమి నాకు, బుక్కు చెల్లెకు. ఒప్పుకున్నది. ఒప్పుకొని మల్ల సార్‌కు సూపెడ్దామన్నది. అన్న మాట మీద నమ్మకం లేకపాయె.”

“నమ్మకం లేక గాదన్నా. తెల్వక.”

“తెల్వకపోతే చెప్పింది ఇనాలె. నీ మొగడు నేర్పిండా గిట్ల అడుగుమని?”

“ఆయన బొంబాయిల ఉన్నడు. ఆయనకేం తెల్సు? సార్, విలువ ఉన్నట్లా, లేనట్లా?”

“ఉన్నమాట చెప్తనమ్మా. వాడిన స్టాంపుకు గూడ ధర ఉంటది. కానీ పోస్టాఫీసు ముద్దర మొకమంత పూసినట్లు ఉండొద్దు, ఎనుక కాయితం పల్చగ గావొద్దు. మీ నాయినవి ఎనుక మెతుకులు, మెతుకుల్ల బూజు—”

“నీళ్లల్ల నానబెడితే పోదా సార్?”

“మెతుకు పోతది శ్రీశైలం. పెన్ను సిరా పారి బొమ్మ గూడ పోతది.”

“ఇదుంటే అది లేదు, అదుంటే ఇది లేదు! ఒక్క మంచి మాట రాదా సార్ మీ నోట్లకెళ్లి? పోనీ ఎంతకు పోతయో చెప్పుండ్రి. మంచిగ ఆలోచన జేసి చెప్పుండ్రి.”

“రెండొందలు.”

“రెండొందలు... ఒక్కోదానికా?”

“అన్నిటికి కలిపి. అదీ కొనేటోడు దొరికితే.”

“సార్! నేను ఏడో తరగతిల బడి బంద్ జేసినోణ్ని, నిజమే. గంత మాత్రాన గింత అన్యాయమా? యూట్యూబుల ఒక్కొక్క స్టాంపు లచ్చలకు పోతుంది!”

“అవి వేరే, ఇవి వేరే.”

“ఏం వేరే! చెల్లె, అర్థమైందా నీకు? సార్‌కు కావాలె ఈ బుక్కు. గందుకే తగ్గిస్తుండు.”

“నాకొద్దు తండ్రీ. నీకో దండం, నీ బుక్కుకో దండం. చాయ్ తాగి పోండ్రి.”

“అన్నా, సార్ రెండొందలంటుండు. నువ్వేమో మొన్న లచ్చ అంటివి.”

“లచ్చ అని తక్కువ చెప్పిన. రెండు లచ్చలు! ఏటేటా పెరుగుతది గూడ. భూమేముంది? సౌడు, రాళ్లు. కాల్వల నీళ్లు వస్తే వస్తయ్, లేకుంటే లేదు. నష్టం నాకే. ఆడివిల్లవని మంచిది నీకిస్తున్న.”

“ఒట్టా?”

“పిల్లల మీద ఒట్టు.”

“సార్ ముంగట?”

“సార్ ముంగటనే! కాయితం మీదనే రాయుండ్రి సార్. బుక్కు రెండు లచ్చలు, భూమి దాంట్ల సగం జెయ్యది. సంతకం పెడ్త.”

“రాస్త. ఇది నీ మాట, నా మాట గాదు, గది గూడ రాస్తున్న. ఊఁ... ఇగ పెట్టు.”

“పెట్టిన. అయిపాయెనా? ఇప్పుడన్న నిమ్మళమా నీకు?”

“నిమ్మళమే అన్నా. సార్, కింద ఇంకొక్క ముక్క రాయుండ్రి, నేను గూడ సంతకం పెడ్త. ఎక్కువ విలువది పెద్దోనికే దక్కాలె గన్క నోటుబుక్కు మా అన్నకు, సౌడు భూమి నాకు.”