గోలీ మర్యాద

నమంగాన్ బజారు పక్క చాయ్‌ఖానాలో మామ, అల్లుడు మాంసం పులుసు ముందు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ల పేట ఫుట్‌బాల్ జట్టు అప్పుడే నాలుగు గోల్స్ ఇచ్చుకుని ఓడింది. గోల్ కాసే గోలీ జవ్లాన్ ఆ మామ కొడుకే.

"ఈ డిఫెన్స్ ఇక బాగుపడదు అల్లుడూ. అందర్నీ మార్చాల్సిందే."

అల్లుడు ఏదో చెప్పబోయి ఆగాడు. తర్వాత అన్నాడు, "మనుషులు మంచివాళ్లే మామయ్యా. వెనకనుంచి అరిచి చెప్పేవాడు లేడు."

"మా జవ్లాన్ లేడూ? గోలీ పని అదేగా."

"చెప్పాడు. నేను గోల్ వెనకే ఉన్నాను. 'తుర్సున్ అన్నా, మీకు ఇబ్బంది లేకపోతే కాస్త ఎడమకి జరుగుతారా' అన్నాడు."

"అందులో తప్పేముంది?"

"ఆ మాట పూర్తయ్యేసరికి బంతి వలలో ఉంది."

మామ నవ్వలేదు. "తుర్సున్ వాడికంటే ఎంతో పెద్ద. పెద్దవాళ్ల మీద గొంతు లేపితే నాలుక కోస్తానని చెప్పి పెంచాను."

"అదే కనిపిస్తోంది."

"వచ్చే ఆదివారం కూడా ఓడితే కింది లీగ్‌కి పోతాం. అరవమని నేనే చెప్పాలంటావా?"

"మీరు చెబితేనే వింటాడు."

"సరే, చెబుతాను. నీలాగా ఉన్నదున్నట్టు మొహాన చెప్పడం నేర్చుకోమంటాను."

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "మామయ్యా, మీ దూది కోటు చెయ్యి పులుసులో మునిగింది."

మామ చెయ్యి లేపాడు. మోచేతి దాకా జిడ్డు కారుతోంది.

"ఎప్పట్నుంచి?"

"మీరు డిఫెన్స్ సంగతి ఎత్తినప్పట్నుంచి."

"మరి చెప్పవేం?"

"మీరు మాట్లాడుతున్నారు కదా మామయ్యా."