బొటనవేలంత గుహ

కృష్ణానగర్‌లో తిరుమలేశ్ గది. సినిమాల్లో కొండలుగా చూపించే బొమ్మరాళ్లు ప్లాస్టర్‌తో పోయడం అతని పని. ఆ పని అతని దగ్గరే నేర్చుకుని, ఫిల్మ్‌నగర్‌లో ఆర్ట్ డైరెక్టరైన సిద్ధార్థ గడప దాటి లోపలికి రాలేదు. మూలన తిరుమలేశ్ భార్య నీలమ్మ ప్లాస్టర్ కలుపుతోంది.

“కూర్చోనన్నా, వెళ్లాలి.”

“పోదువుగని. నీ సినిమా సూసిన. ఆ కొండ ఎవలు చేసిండ్రు సిద్ధార్థా?”

“మా వాళ్లే. కంప్యూటర్‌లో గీసి...”

“కంప్యూటర్ల.”

“ఎవరు చేస్తే ఏంటన్నా, కొండ బాగుంది కదా?”

“వానల హీరో పోయి దాక్కునే గుహ గూడ కంప్యూటరేనా?”

“గుహ... గుహే కదన్నా.”

“గుహ కాదది, నా బొటనవేలు. చిన్న రాయిని తెర మీద కొండంత చేసి సూపిండ్రు. జూబ్లీహిల్స్ బండకు పగులుంటే మట్టి పెట్టి అదిమిన. ఏలి గుంట పడ్డది. మీద రబ్బరు పోసి అచ్చు తీస్తే గుంట గూడ దిగింది. అప్పటిసంది ఆ అచ్చుల ఏ రాయి పోసినా ఆ గుంట ఉంటది.”

“గుంటలు అన్ని రాళ్లకీ ఉంటాయన్నా.”

“ఆ బండను పేల్చి బంగ్ల కట్టిండ్రు. ఇగ అది మిగిలింది నా అచ్చులనే. మొన్న పెట్టె తీస్తే అచ్చు లేదు. తాళం మాత్రం పగల్లే. మూడేండ్లు నా కంచంల తిన్నవు, తాళంచెవి ఏడుంటదో నీకెరుక.”

“దొంగతనం అంటగట్టకండన్నా.”

“మరేమనాలె?”

“వదినా, నేను వెళ్తాను.”

“వదినతోటి ఏంది? నాతోటి మాట్లాడు.”

“అన్నా, ఆ వేలు మీదేనా?”

“నాది గాక మీ నాయనదా?”

“కిటికీలో ఉన్న రాయి ఆ అచ్చులోదే. వేలు పెట్టి చూడండి.”

“పెడత. ఏం భయమా... గీ ప్లాస్టర్ కుంచించుకపోయింది, దూరుతలేదు.”

“ప్లాస్టర్ కుంచించుకపోదని నువ్వే చెప్తవు గదా.”

“నువ్వు ఊకో నీలమ్మా. నీ గిన్నె సూస్కో.”

“ఇరవై ఏండ్ల సంది అదే సూస్కుంటున్న. ఆ దినం నువ్వు జరమొచ్చి ముసుగుతన్ని పండుకున్నవు. బండ కాడికి నేను పోయిన. మట్టి నేనే పెట్టిన.”

“అయితేంది? ఎవలు చేస్తే ఏంది, పని నాదే గద.”

“గట్లనే అనుకో.”

“ఇగ అచ్చెట్ల పోయింది? చెప్పరేంది ఇద్దరు?”

“పెట్టె నేనే తీసిన. నేనే సిద్ధార్థ చేతుల పెట్టిన.”

“నీలమ్మా... ఏమిచ్చిండు వీడు నీకు?”

“ఏమియ్యలే. సినిమాల నా పేరేస్తనన్నడు, అదీ ఎయ్యలే. గని ఓనాడు ఆ గుంటను తడిమి, ‘ఇది మీ వేలే కదా వదినా’ అన్నడు. ఆ కిటికీ కిందనే ఇరవై ఏండ్లు పండుకున్నవు, నీకెన్నడన్న కానొచ్చిందా?”