ఏ గేరు, బావా?

బస్సుల షెడ్డు వెనక గదిలో స్కూలు బస్సు డ్రైవరు చెక్కబల్ల మీద బోర్లా పడుకున్నాడు. కాళ్ళ దగ్గర అతని బావమరిది, ఆ షెడ్డులోనే మెకానిక్కు, నారింజపండంత బంతి ఒకటి పట్టుకుని కూర్చున్నాడు.

"...చెవిలో జోరీగలా ఏంట్రా ఆ రొద?"

"జోరీగ కాదు బావా, బంతి. లోపల చిన్న మోటారుంది. ఆటగాళ్ళు ఆట అయ్యాక దీన్ని పిక్కల మీద దొర్లించుకుంటారట. పట్టేసిన కండ వదులవుతుందట. కదలకు."

"కదల్లేదు. ఎక్కడిది?"

"తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చా. బావా, ఆ తాళాలు పక్కన పెట్టి పడుకోవచ్చుగా. చెయ్యి అలా బల్ల కిందికి వేలాడేసి, గుప్పిట బిగించి..."

"ఉండనీ. రేపు పొద్దున బండి తీసేది నేనే. తాళాలు నా చేతిలోనే ఉంటాయి."

"తీసేదీ లేనిదీ ఓనరు చెప్పాలి."

"ఓనరు నిన్నడుగుతానన్నాడు. 'మీ బావమరిది సరే అంటే నాకూ సరే' అన్నాడు. అనెయ్. నీ నోటి ముత్యాలేం రాలిపోవు."

"అనడానికేగా ఇదంతా. ఇప్పుడెక్కడుంది, చెప్పు."

"పిక్క మీద."

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే?"

"బాగుందంటే బాగుంది! నువ్వేమన్నా డాక్టరువా? నట్లు బిగించుకునేవాడివి."

"డాక్టరు దగ్గరికి పదమంటే రావుగా. అక్క ఎంత మొత్తుకుంది!"

"మీ అక్క గోరంతని కొండంత చేస్తుంది. ఆగిపోయిన బండిని తోశాను, పిక్క పట్టేసింది. కండరా అది. దానంతటదే సర్దుకుంటుంది."

"నువ్వు తోసింది ఎండల్లో బావా. ఇప్పుడు వానలు పడుతున్నాయి."

"సర్దుకుంటోందిగా. మాటలు తగ్గించి దొర్లించు."

"నీ మాటలే కోటలు దాటుతున్నాయి. కాలు గడప దాటట్లేదు. పొద్దున గుమ్మం దగ్గర చెప్పు జారిపోతే నువ్వు చూసుకోనేలేదు. ఒంటిచెప్పుతో షెడ్డు దాకా వచ్చావు."

"చూసుకున్నా."

"చూసుకుంటే వెనక్కి ఎందుకు వెళ్ళలేదు?"

"తొందరలో ఉన్నా."

"ఒంటిచెప్పుతోనా?"

"తొందరలో ఉన్నానన్నాగా!"

"సరే, సరే. గేరు మారుస్తున్నా."

"బంతికి గేర్లేంట్రా?"

"మీట నొక్కితే వేగం మారుతుంది. గేర్లే అనుకో. ఒకటి, రెండు, మూడు. ఇప్పుడేది?"

"రెండు."

"ఇప్పుడు?"

"మూడు. ఒరేయ్ నట్టూ, నన్నా అడిగేది? బండి వీధి చివర ఉండగానే ఏ గేర్లో వస్తోందో చెప్పేవాణ్ణి."

"అదీ నిజమే. ఇప్పుడు?"

"మళ్ళీ ఒకటి. అబ్బ, హాయిగా ఉంది. అక్కడే ఉంచు, మడమ దగ్గర."

"మడమ దగ్గరా?"

"ఆఁ. బాగా తగులుతోంది."

"..."

"ఏంట్రా, ఆగావు? ఏదో కింద పడ్డట్టుంది."

"నా స్పానరు."

"స్పానరు అంత సన్నగా మోగదే."

"చిన్న స్పానర్లే బావా. లేవకు, పడుకో."

"బల్ల కింద ఏం తడుముతున్నావు?"

"స్పానరే. దొరికిందిలే."

"మీ పిల్ల ఏమంటోంది? రేపు బస్సులో ముందు సీటు తనకేనంటోందా? దానికోసమే ఉంచానని చెప్పు."

"చెప్తాలే."

"మామయ్య హారను కూడా కొట్టనిస్తాడని చెప్పు."

"బావా."

"ఊఁ."

"ఇప్పుడు ఏ గేరు?"

"మూడు."

"మూడే. ఎక్కడుంది?"

"బొటనవేలి కింద."

"లేదు బావా. బంతి నా చేతిలో ఉంది."

"ఇప్పుడే తీసుంటావు."

"ఇప్పుడు కాదు. నువ్వు మడమ దగ్గర హాయిగా ఉందన్నావే, అప్పటికే నా చేతిలో ఉంది. గేర్లన్నీ చెవితో చెప్పావు. కాలితో కాదు. ఏదో ఒకటి అను బావా. పోనీ, తిట్టు."

"తిట్టాలని కూడా లేదురా. లోపలంతా ఆ కాల్లాగే ఉంది."

"ఎప్పట్నుంచి ఇలా?"

"వానలకి ముందు నుంచే. కాలు బ్రేకు మీద ఉందో లేదో వంగి చూసుకునేవాణ్ణి."

"పిల్లలు ఎక్కి ఉన్నప్పుడా?"

"అందుకేగా సెలవు పెట్టింది. సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటే... పొద్దున్నే ఆ వేళకి నా బండి మా వీధిలోంచే పోతుంది. మలుపు దగ్గర కొత్తవాడు గేరు మార్చడు. రెండోదాంట్లోనే లాగుతాడు. అదొక్కటి మాత్రం తగులుతుందిరా నాకు."

"ఓనరుకి నేను సరే అని చెప్పను బావా. నాకు భయంగా ఉంది."

"చెప్పకు."

"కోపమా?"

"కాదు. నీ పిల్ల కూడా ఎక్కే బండేగా. చెప్పకు."

"పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోదాం. నేనూ వస్తా. అక్కని కూడా తీసుకెళ్దాం."

"ఒక్క కాలికి ఇంత ఊరేగింపు ఎందుకురా? చేతులు బాగానే ఉన్నాయి. స్టీరింగు పట్టే చేతులు. తాళాలు కూడా నువ్వు అడక్కముందే నేనే ఇచ్చేస్తున్నా. పడుకున్నప్పట్నుంచీ గుప్పిట వదల్లేదు, చూడు..."

"విప్పకు బావా."

"ఏం?"

"తాళాలు నా దగ్గరున్నాయి. ఇందాక కింద పడింది స్పానరు కాదు."