అట్ట మీద చెప్పిన చదువు

సభాధ్యక్షులు ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, పొద్దుటి నుంచి కుర్చీలు మోసి ఈ హాలు సిద్ధం చేసిన సిబ్బందికి, పని మానుకుని వచ్చిన పాత విద్యార్థులకు, మూడో వరుసలో కూర్చున్న మా ఇంటివాళ్ళకు నమస్కారం.

నాకు పది నిమిషాలు ఇచ్చారు. ముప్పై మూడేళ్ళలో నేను స్టాఫ్ మీటింగుల్లో మాట్లాడినదంతా కలిపినా అంత ఉండదు. (నవ్వులు)

ఇందాక చదివిన సన్మానపత్రంలో, ఈ బడిలో కంప్యూటర్ విద్యకు పునాది వేసింది నేనేనని రాశారు. రాసిన తెలుగు మాస్టారిది మంచి మనసు. కానీ ఆ వాక్యాన్ని దిద్దకుండా ఇంటికి పట్టుకెళ్ళలేను. అందుకని ఒక రోజు సంగతి చెబుతాను.

ఇరవై నాలుగేళ్ళ కిందటి ఉదయం. అన్ని ఉదయాల్లాంటిదే. ఐదింటికి లేచి, స్నానం చేసి, పావుగంట ప్రార్థనలో కూర్చుని, పొయ్యి మీద పాలు పెట్టాను. మా నాన్న ముద్రణాలయంలో అక్షరాలు కూర్చే పనిచేసి విరమించిన మనిషి. పేపరు ముందేసుకుని అచ్చుతప్పుల కింద పెన్సిలుతో గీతలు పెడుతూ, వార్తలేమిటని అడిగితే మాత్రం ఇంకా చూడలేదనేవారు. (నవ్వులు) మా తమ్ముడు కరెంటు పనివాడు. తన సంచీ తనే ఎక్కడో పెట్టి ఇల్లంతా వెతుకుతున్నాడు. మా ఆఖరి చెల్లెలు, ఇంట్లో అందరికీ చిన్నది, ఇస్త్రీ బట్టలు నలగకుండా కుర్చీ అంచున కూర్చుని, ఒక అట్టముక్క మీద వేళ్ళు ఆడిస్తోంది. దానికప్పుడు పదిహేడేళ్ళు. ఐదేళ్ళప్పుడు అమ్మ పోయింది. పెంచిందీ నేనే, బడిలో పాఠం చెప్పిందీ నేనే.

"నెమ్మదిగా కొట్టవే, అట్ట షాకు కొడుతుంది," అన్నాడు తమ్ముడు.

"నువ్వు వైరింగు చేయలేదుగా, భయం లేదు," అంది చిన్నది, తల ఎత్తకుండానే.

ఆ అట్ట సంగతి చెప్పాలి. అప్పటికి రెండేళ్ళ కిందట పాఠ్యప్రణాళికలో కంప్యూటర్ చేర్చారు. బడికి ఆరు యంత్రాలు వచ్చాయి. అప్పటి హెడ్‌మాస్టరు గారు వాటికి పువ్వుల గుడ్డతో ముసుగులు కుట్టించి, గదికి తాళం వేయించారు. తెలియని మీట నొక్కితే యంత్రం పాడైపోతుందని ప్రతి సోమవారం పిల్లలందరికీ చెప్పేవారు. తాళంచెవి మన అటెండరు గారి దగ్గర ఉండేది. అదిగో, తల దించుకున్నారు. మీ తప్పేమీ లేదండీ, నాకూ ఇవ్వద్దనే మీకు చెప్పారు. (నవ్వులు)

టైపు నేర్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆ సబ్జెక్టు నాకిచ్చారు. గది లేదు, యంత్రం లేదు, సిలబస్ ఉంది. ఆ యంత్రాలు వచ్చిన పెట్టెలనే కత్తిరించి నలభై ఒక్క అట్టముక్కలు చేసి, వాటి మీద కీబోర్డు మీటలన్నీ నల్ల ఇంకుతో గీశాను. పిల్లలు వాటి మీదే కొట్టేవారు. నేను బెంచీల మధ్య తిరుగుతూ వేళ్ళు చూసి ప్రాక్టికల్ మార్కులు వేసేదాన్ని. తనిఖీకి వచ్చిన అధికారి చాలా మెచ్చుకున్నారు. మిగతా బళ్ళ వాళ్ళు వచ్చి కొలతలు రాసుకుపోయారు. నాకు గర్వంగా ఉండేది. ఆ మాట కూడా చెప్పాలి.

ఫలితాల్లో చిన్నదానికి కంప్యూటర్‌లో నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. నేను చెప్పిన ఉదయమే చిన్నది కళాశాలలో ప్రవేశ పరీక్షకు వెళ్ళాలి. నలభై నిమిషాల్లో ఒక పేజీ తప్పుల్లేకుండా కంప్యూటర్ మీద కొట్టి ఇవ్వాలి. సెలవు పెట్టి నేనూ వెంట వెళ్ళాను. వరండాలో నిలబడి కిటికీ అద్దంలోంచి చూశాను. కూర్చుంది. చకచకా మొదలుపెట్టింది. పక్కవాళ్ళ కంటే ముందుంది. రెండో లైను కొడుతూ ఆగింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఇక తీయలేదు.

బయటికి వచ్చాక అడిగాను.

"ఏమైందే?"

"రెండో లైన్లో ఒక అక్షరం తప్పు పడిందక్కా."

"దిద్దే మీట తెలుసు కదే. రెండు మార్కుల ప్రశ్న. రాశావు కూడా."

"తెలుసు. నొక్కితే ఆ ఒక్క అక్షరమే పోతుందో, కొట్టినదంతా పోతుందో పుస్తకంలో లేదు. సారేమో పాడైపోతుందన్నారు."

గేటు దాటాక మళ్ళీ తనే అంది: "అట్ట మీద నాకెప్పుడూ తప్పు పడలేదక్కా."

పడకపోవడం ఏమిటి, పడే ఉంటుంది. నలభై ఒక్కమందికీ రోజూ పడే ఉంటాయి. అట్ట మీద కనపడవు, అంతే. కనపడని తప్పులకు నేను పూర్తి మార్కులు వేశాను. సీటు పోయింది.

మధ్యాహ్నం బడికి వెళ్ళి హెడ్‌మాస్టరు గారికి అంతా చెప్పాను. ఆయన కఠినుడు కాదు. మంచినీళ్ళు తెప్పించి, చాలాసేపు ఆలోచించి అన్నారు: "ఈ సబ్జెక్టులో మనదే మొదటి స్థానం, మేడమ్. ఇప్పుడెందుకు కదపడం? మీ చెల్లెలు కాబట్టి సాయంత్రాలు గది తెరిపిస్తాను. కళాశాలతో మాట్లాడి మళ్ళీ పరీక్ష పెట్టిస్తాను. సరేనా?"

"మిగతా నలభై మందికో, సార్?"

"వాళ్ళెవరూ వచ్చి అడగలేదు కదమ్మా."

పొద్దున్నదాకా ఆలోచించుకోమన్నారు. సరేనని నోటిదాకా వచ్చిందని ఇవాళ ఒప్పుకుంటున్నాను.

ఆ తర్వాత జరిగింది ఇక్కడి పెద్దలకు తెలుసు. పాఠ్యప్రణాళిక సంఘానికి నేనొక ఉత్తరం రాశాను. మా బడి ప్రాక్టికల్ మార్కులు అట్ట మీద వేసినవనీ, రద్దు చేయమనీ, గది తెరిపించి రెండు నెలలు నేర్పించాక మళ్ళీ పరీక్ష పెట్టమనీ రాశాను. నా మీద విచారణ జరిగింది. ఒక ఏడాది నన్ను వేరే బడికి పంపారు. చాలామంది తల్లిదండ్రులు నాతో మాట్లాడటం మానేశారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. పిల్లలకు మళ్ళీ పరీక్ష పెట్టారు. మరుసటి ఏడాది ప్రణాళికలో "విద్యార్థి స్వయంగా యంత్రంపై" అన్న మాటలు చేరాయి. బళ్ళకూ, కళాశాలలకూ కూడా. పునాది అంటే ఆ మాటలే. అవి నావల్ల వచ్చాయనుకుంటే ఆ ఉత్తరం నా ఒక్కదాని పని అనుకున్నట్టు. కాదు.

తెలుగు మాస్టారూ, నొచ్చుకోకండి. మిగతాదంతా బాగుంది, ముఖ్యంగా నేను మితభాషినన్నది. (నవ్వులు)

నన్ను భరించిన సహోద్యోగులకు, నా దగ్గర చదివి నన్ను క్షమించిన ఆ నలభై మందిలో ఇవాళ వచ్చినవారికి, ఈ శాలువాకు, మీ ఓపికకు కృతజ్ఞతలు. ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగింది చెప్పి కూర్చుంటాను.

అన్నాలు తిన్నాక బల్ల దగ్గరే హెడ్‌మాస్టరు గారి మాటా, సంఘానికి ఉత్తరం రాయాలన్న నా ఆలోచనా చెప్పాను.

"ఇంకేం, ఒప్పేసుకో," అన్నాడు తమ్ముడు. "ఉత్తరం గిత్తరం అంటే ముందు పోయేది నీ ఉద్యోగం. నువ్వు వెళ్ళి ఇంట్లో కూర్చుంటే ఎవరికి లాభమక్కా?"

నాన్న మాత్రం, "తప్పు చూశాక ఒక్క కాపీలో దిద్ది, మిగతావి అలాగే కట్ట కట్టి పంపితే మా ప్రెస్సు ఫోర్‌మన్ ఊరుకునేవాడు కాదు," అని లేచి చేయి కడుక్కోవడానికి వెళ్ళారు.

నేను చిన్నదాని వైపు చూశాను. పోయేది దానికి మళ్ళీ దొరకబోయే సీటు, దాని మార్కులు. నేను అడగలేదు. అడిగే హక్కు నాకుందనుకోలేదు.

అది లోపలికి వెళ్ళి నా మార్కుల రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇందులో నా పేరు ఇరవై ఎనిమిదోది," అంది. "ఉత్తరంలో మొదట రాయి. నువ్వు చెల్లెల్ని దాచుకుని మిగతావాళ్ళవి తీయించావని ఎవరూ అనకూడదు."

తమ్ముడు పొద్దున్నే పోస్టు చేసే పని తనకిమ్మన్నాడు. నాన్న పెన్సిలు చెక్కుకున్నారు. ఉత్తరం పంపాలనీ, మొదటి పేరు చిన్నదానిదే ఉండాలనీ మా ఇంట్లో నలుగురం అనుకున్నాం.

ఇక సెలవు.