చాప కింద పెళ్లి ఫొటోలు

ఫొటో స్టూడియోలో కంప్యూటర్ ముందు అక్క, ఆమె తమ్ముడు. పక్క గదిలో ఆమె భర్త ఫ్రేములు కోస్తున్న రంపం చప్పుడు.

"అక్కా, ముందా ఏడుపు ఆపు. ఫొటోలు దాచే సర్వర్లో ఏమీ పోలేదు."

"పోలేదంటావేంట్రా? ఫోల్డర్ తెరిస్తే మన పనంతా మాయం. ఏదో ఒక్కటి మిగిలింది, అంతే."

"నీకు కనబడే ఫోల్డర్ సర్వర్‌ది కాదే తల్లీ, ఈ సిస్టమ్‌ది. సర్వర్ ఇవాళ దీనికి అసలు కలవనే లేదు. రాత్రి సిస్టమ్ ఆపావా?"

"కరెంటు పోయింది. పొద్దున మళ్లీ ఆన్ చేశా."

"సర్వర్ లైటు వెలుగుతోంది, వైరూ బాగానే ఉంది... అదిగో, పర్మిషన్ డినైడ్, లోపలికి రానివ్వనంటోంది. పాస్‌వర్డ్ ఏమైనా మార్చావా?"

"నేనా? నేనెందుకు మారుస్తా?"

"అక్కా."

"ఏంట్రా?"

"నా మొహం చూసి చెప్పు."

"మార్చాను. నిన్న సర్వర్లో మార్చాను. ఈ లినక్స్ సిస్టమ్‌లో కూడా మార్చాలని నాకేం తెలుసు?"

"ఉన్నట్టుండి ఎందుకు మార్చావ్?"

"మెల్లిగా! ఆయన వింటారు."

"ఆ రంపం మోతలో ఏం వింటాడు? బావ ముట్టుకోకూడదనా?"

"మరేం చెయ్యమంటావ్? ఆ కవలల పెళ్లి ఫొటోలన్నీ చెరిపేసిన మనిషి. మళ్లీ చెయ్యి పెడితే?"

"బావ వేసవి నుంచి కంప్యూటర్ గది గడపే తొక్కట్లేదుగా."

"తొక్కట్లేదు. ఫ్రేములు కోస్తారు, లైట్లు మోస్తారు. పలకరిస్తే ఊఁ అంటారు. అన్నం కూడా ఒక్కరే పెట్టుకుని తింటారు. నాకు మాత్రం బాగుందా?"

"సరే, కొత్త పాస్‌వర్డ్ చెప్పు, ఇందులోనూ రాసేస్తా. ఆగాగు... మిగిలిందన్నావే, ఏదా ఫోల్డర్?"

"అదిగో. కళ్లజోడు లేక సరిగ్గా చూళ్లేదు."

"ఓహ్."

"ఓహ్ ఏంట్రా? బిగుసుకుపోయావేం?"

"ఏం లేదు. పాస్‌వర్డ్ చెప్పు, కలిపేసి పోతా. నాకు పనుంది."

"జరుగు పక్కకి. జరగమన్నానా! ఇదేంటి... కవలల పెళ్లి. ఒరేయ్, ఇవి చెరిగిపోయాయిగా?"

"చెరగలేదు."

"మరెక్కణ్ణించి ఊడిపడ్డాయి?"

"ఇక్కడే ఉన్నాయక్కా. సర్వర్ కలవని రోజున బావ వీటిని ఎక్కించాడు. ఫోల్డర్ ఎప్పట్లానే కనబడింది, పాపం అందులోనే వేశాడు. అవి ఈ సిస్టమ్‌లోనే ఉండిపోయాయి. తర్వాత సర్వర్ వచ్చి ఇదే ఫోల్డర్ మీద కూర్చుంది. నేల మీద ఏదో పెట్టి పైన చాప పరిచామనుకో. కింద ఉన్నది కనబడదు, అలాగని ఎక్కడికీ పోదు."

"అంటే ఆయన తప్పు..."

"లేదు. సర్వర్ కలవనప్పుడు ఎవరూ ఇందులో ఏమీ వెయ్యకుండా తాళం పెట్టాల్సింది నేను. రేపు చూద్దాం, రేపు చూద్దాం అని బద్ధకించా."

"ఆరోజు నీకు ఫోన్ చేస్తే ఏమన్నావ్? స్పీకర్లో, ఆయన ముందే! సర్వర్ దానంతటది చెరపదక్కా, ఎవరో డిలీట్ కొట్టుంటారు అని!"

"సినిమా హాల్లో ఉన్నా. చూడకుండానే అనేశా. నామీద తోసేస్తావేం మరి? పెళ్లివాళ్ల ముందు చేతకాని మనిషన్నది నేనా?"

"నేనే. నేను చెరపలేదు, నా మాట విను అని ఆయన అంటుంటే నోరు ముయ్యమన్నాను. ఛీ, ఎంత పాపిష్టి నోరురా నాది."

"పెళ్లివాళ్లు తర్వాత గొడవ చెయ్యలేదా?"

"మళ్లీ రానేలేదు. బతికాం అనుకున్నా. ఇప్పుడు ఫోన్ చేసి దొరికాయని చెప్పాలి."

"ముందు బావకి చెప్పు."

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? నువ్వు చెప్పరా, నీ మాటైతే వింటారు."

"నాకూ మొహం లేదక్కా."

"ఒరేయ్, రంపం ఎప్పుడు ఆగింది?"

"ఏమో, గమనించలేదు. అదిగో, వస్తున్నాడు."

"ఏమండీ... ఒక్కసారి ఇటు రండి. ఫొటోలు దొరికాయి. మీరు చెరపలేదు."

"ఊఁ."

"ఊఁ ఏంటండీ! కవలల పెళ్లి, మొత్తం ఉంది. నన్ను తిట్టండి, ఏదో ఒకటి అనండి."

"బావా, అసలు తప్పు నాది. అవి సర్వర్ ఫోల్డర్..."

"కింద ఉన్నాయి. తెలుసురా. ఆ గొడవైన కొన్నాళ్లకే ఓసారి మీ అక్క రాకముందు, సర్వర్ ఇంకా లేవకముందే సిస్టమ్ ఆన్ చేశా, కనబడ్డాయి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పెళ్లివాళ్లకి అప్పుడే ఇచ్చొచ్చా."

"అప్పుడే తెలుసా? తెలిసీ నాకెందుకు చెప్పలేదండీ? నన్నిలా ఎందుకు ఉండనిచ్చారు?"

"ఫొటోలు చూపిస్తే నమ్ముతావని తెలుసు. ఏమీ చూపించకపోయినా నమ్ముతావేమోనని ఎదురుచూశా... ఇందాక ఆ పాస్‌వర్డ్ మాట వినేదాకా."