సగం దూరంలో తిరిగిన బొంగరాలు

లేజరు గదిలో ప్రొఫెసరుగారి సంతకం కోసం పరిశోధక విద్యార్థిని ముళ్ళమీద నిలబడి ఉంది. ఆ సంతకం పడితేనే ఆమెకు డిగ్రీ.

"మళ్ళీ చూశావా, అమ్మాయ్?"

"చూశాను సార్. మళ్ళీ అదే. వెలుగు పడగానే ఎలక్ట్రాన్లన్నీ బొంగరాల్లా ఒకే వైపు తిరుగుతున్నాయి. మనం పెట్టిన పల్చటి పొరలో సగం దూరం పోయేసరికి ఎవరి దారి వాళ్ళది."

"సగమేమిటి? డైరెక్టరుగారి సిద్ధాంతం ప్రకారం చివరిదాకా ఒకే వైపు తిరగాలి."

"ఆ సంగతి ఎలక్ట్రాన్లకి తెలీదేమో సార్."

"వెటకారమా?"

"అయ్యో, కాదు సార్. మా అత్తగారు వస్తే ఇంట్లో అందరం ఒకే మాట మీద ఉంటాం. ఆవిడ వీధి మలుపు తిరిగితే ఎవరి పాట వాళ్ళదే. ఇదీ అంతే. పొర గోడలు గరుకు సార్. తగిలినప్పుడల్లా కొన్ని పక్కకి తిరిగిపోతున్నాయి. ఎదురు బ్లాకు మేడమ్‌గారు మొదట్నుంచీ అదే అంటున్నా—"

"ఆవిడ ఊసు ఈ గదిలో ఎత్తకు!"

"ఎత్తను. మరి నా థీసిస్ మీద సంతకం..."

"ముందు ఈ ప్రయోగం మీద మనం పంపాల్సిన రిపోర్టులో 'సగం' అన్నచోటల్లా 'చివరిదాకా' అని రాయి. సంతకం దానంతటదే పడుతుంది."

"రాయలేను సార్."

"రాయకపోతే ఈ గదిలోనే తల నెరుస్తుంది నీకు."

"పోనీ మీరే మార్చుకోండి. నా పేరు మాత్రం తీసేయండి."

"ఓస్, అంతేనా! కంప్యూటరు దగ్గర్నుంచి ఇలా జరుగు. మార్చేశా. నీ పేరూ తీసేశా. నా ఒక్కడి పేరే ఉంటే డైరెక్టరుగారికి ఇంకా ముద్దు. ఇక బటన్ నొక్కు, డైరెక్టరు ఆఫీసుకి పంపు."

"ఇంకోసారి ఆలోచించి..."

"నొక్కమన్నానా!"

"నొక్కాను సార్. మీ ఫోను మోగుతోంది."

"హలో! ఎవరూ, గుమాస్తాగారా? ఏమిటీ, డైరెక్టరుగారు దిగిపోయారా? పొద్దున్నేనా? మరి ఆ కుర్చీలో... ఎదురు బ్లాకు మేడమా! అబ్బే, చాలా సంతోషమండీ. నేనెప్పుడూ ఆవిడ పక్షమే కదా! ఉంటా, ఉంటా."

"ఏమైంది సార్?"

"ఏం లేదు, ఏం లేదు. సగం దూరం అన్నావు చూడు..."

"అన్నాను."

"నాకూ మొదట్నుంచీ అదే అనుమానం. గోడలు గరుకు కదా మరి! ఏదీ, నీ థీసిస్ ఇలా తే."

"చదవరా సార్?"

"నీమీద నమ్మకం లేకనా! ఇదిగో, సంతకం. నేనే దగ్గరుండి రాయించానని మేడమ్‌గారికి చెప్పు, మర్చిపోకు."

"చెప్తాను సార్. మరి ఇందాక పంపిన రిపోర్టు?"

"అదా! పాత డైరెక్టరుతోపాటే పోతుందిలే."

"ఆయనకి కాదు సార్, ఆఫీసుకి పంపమన్నారుగా. ఆ కుర్చీలో ఎవరుంటే వాళ్ళే తెరుస్తారు."

"అయ్యయ్యో! వెనక్కి లాగు తల్లీ, లాగు!"

"ఇంకెక్కడ లాగను సార్, జవాబు కూడా వచ్చేసింది. రిపోర్టు కింద పేరున్నాయన్నొక్కర్నే రమ్మంటున్నారు మేడమ్‌గారు."